బసప్పకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చి లేచాక బసప్పకు ఒక్క మాటే మిగిలింది. కాదు.

అన్నం పెడితే కాదు. నీళ్ళిస్తే కాదు. ఆ మాట అంటూనే గ్లాసు అందుకుని గటగటా తాగేవాడు. కూతురు వనజ ఎదురుగా కూర్చుని "నాయనా, నేనెవురు?" అని అడిగితే ఆ పిల్ల బుగ్గ నిమిరి, కళ్ళనిండా నీళ్ళతో "కాదు, కాదు, కాదు" అనేవాడు. మొదట్లో వనజ ఏడ్చేది. తర్వాత అడగడం మానేసింది.

ఆదోని మార్కెట్ యార్డులో ఇరవై ఏళ్ళు కాటా వేసిన మనిషి బసప్ప. వేరుశనగ మూటలు కాటా మీదికి ఎక్కుతుంటే గొంతెత్తి లెక్క పలికేవాడు. తూకం దగ్గర ఒకటి అనరు, లాభం అంటారు. "లా...భం! రెం...డూ! మూ...డూ!" అని అతను సాగదీస్తే పక్క మండీలో గుమాస్తాకు కూడా వినబడేది. కరెంటు కాటాలు వచ్చి అంకెలు ఎర్రగా వెలుగుతున్నా, రైతులు బసప్ప నోటి లెక్క వింటేనే నమ్మేవాళ్ళు. జనవరిలో ఒక ఉదయం ఆ లెక్క పదకొండు దగ్గర ఆగింది. పన్నెండో మూట కాటా ఎక్కింది గాని మాట రాలేదు. గుమాస్తా తలెత్తి చూసేసరికి బసప్ప మూటల మధ్య ఒరిగిపోయి ఉన్నాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో పద్దెనిమిది రోజులు. కుడి కాలు కొంచెం కదిలింది. కుడి చెయ్యి వేలాడింది. నోరు ఆ ఒక్క మాట దగ్గర నిలిచిపోయింది.

అతని భార్య ఈరమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోతుంది. మనిషి గట్టిది. మొగుడు పడిపోయిన రోజున కూడా నలుగురి ముందు ఏడవలేదు. ఆమెను కుదిపేసింది జబ్బు కాదు, ఏప్రిల్ చివర్లో బావ తిమ్మప్ప తెచ్చిన కబురు.

తిమ్మప్ప బసప్పకు అన్న. కోడుమూరు దారిలో సొంత ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నాడు. అన్నదమ్ములిద్దరి పేరా అక్కడ రెండెకరాల నల్లరేగడి ఉంది. తిమ్మప్ప వచ్చి అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చల్లగా చెప్పాడు.

"సేనుకు మంచి బేరం వచ్చింది ఈరమ్మా. రెండెకరాలూ కలిపితేనే తీసుకుంటాడంట. జూన్ పదారో తేదీ రిజిస్ట్రీ. తమ్మున్ని నేనే కారులో పిల్సకపోతా. వేలిముద్ర ఏస్తే సాలు."

"అమ్ముతామని ఎవురన్నారు బావా?"

"ఎవురేంది, వీడే. పోయిన దీపావళికే ఒప్పుకున్నాడు."

"నాకు ఒక్క మాట సెప్పలేదే."

"సెప్పకుంటే నేనేం సేసేది? ఆస్పత్రి కాడ నేను పెట్టిన దుడ్డు నేను అడిగితినా? ఇది మీ బాగు కోసమే."

లోపల మంచం మీదున్న బసప్ప లేవబోయాడు. ఎడమ చెయ్యి గోడకు ఆనించి అరిచాడు. "కాదు! కాదు! కాదు!"

"సూడు బావా, వద్దంటాండాడు!" అంది ఈరమ్మ.

తిమ్మప్ప లోపలికి పోయి చేతిలో ఉన్న నీళ్ళ చెంబు తమ్ముడి ముందు పెట్టాడు. "నీళ్ళు తాగుతావా రా?"

"కాదు," అంటూ బసప్ప చెంబు అందుకున్నాడు. మరుక్షణం తను చేసిందేమిటో అర్థమై చెంబు నేలకేసి కొట్టాడు.

"ఇదీ వీని కాదు," అన్నాడు తిమ్మప్ప. ఆ గొంతులో వెటకారం లేదు. అదే ఈరమ్మకు ఎక్కువ భయం పుట్టించింది.

ఆ వారం ఆమెకు పనిలో చెయ్యి ఆడలేదు. తిమ్మప్ప అబద్ధం ఆడుతున్నాడా? లేక మొగుడే తనకు తెలియకుండా మాటిచ్చాడా? అడగాల్సిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. నిద్ర లేచింది మొదలు వందసార్లు అడిగింది. వందసార్లూ ఒకటే జవాబు. తలూపమంటే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఊపేవాడు. ఊపి, అది కాదన్నట్టు తల కొట్టుకునేవాడు.

మే మొదటి వారంలో చూపించుకోవడానికి కర్నూలు పోయినప్పుడు మాటల డాక్టరును ఆమె అడిగింది ఒక్కటే. "సార్, మా ఆయప్ప కాదంటే కాదనేనా?"

కుర్ర డాక్టరు చెప్పాడు. "దాన్ని బట్టి ఏదీ తేల్చకూడదమ్మా. మనం అనేది ఆయనకు చాలావరకు అర్థమవుతోంది. లోపల ఔననుకున్నా నోటికి కాదే వస్తోంది. మీరు దగ్గర్లో ఉన్నారు కాబట్టి చెప్తున్నా. ఎమ్మిగనూరులో రాధాబాయి గారని ఉన్నారు. సంగీతంతో వైద్యం చేస్తారు. చెన్నైలో చదువుకుని వచ్చారు. నేను చేయించే వ్యాయామాలతో పాటు అది కూడా చేస్తే కొందరికి మాట కదులుతుంది. అందరికీ కాదు."

ఎమ్మిగనూరులో రాధాబాయి ఇల్లు మగ్గాల వీధి చివర. మేడ మీద ఒక గది, చాప, హార్మోనియం, గోడకు గడియారం. యాభై ఏళ్ళ మనిషి. మాధవరంలో పుట్టింది. తండ్రి మంత్రాలయంలో పూజల దగ్గర పాడేవాడట. బసప్పను మెట్లెక్కించేసరికి ఈరమ్మకు చెమటలు పట్టాయి. రాధాబాయి మంచినీళ్ళిచ్చి, డాక్టరు రాసిన కాగితం చదివి, ముందుగా డబ్బు సంగతే ఎత్తింది.

"ఒక్కోసారికి ముప్పావుగంట. నాలుగు వందలు. వారానికి రెండుసార్లు రావాలి. మధ్యలో మానేస్తే ఉపయోగం ఉండదు."

ఈరమ్మకు మిల్లులో రోజుకు మూడు వందల యాభై. ఇక్కడికి వస్తే ఆ కూలీ కూడా పోతుంది. "ఆరోగ్యశ్రీ కార్డు మీద రాదామ్మా?"

"రాదు. ఆసుపత్రిలో పడకకు వస్తుంది. దీనికి రాదు."

"బాగవుతుందని గ్యారంటీ ఉందా?"

"లేదు." రాధాబాయి కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. "ఉందని చెప్పేవాళ్ళ దగ్గరికి పోవద్దు. ఒకటి చెప్తాను విను. మాట పుట్టే చోటు తలలో ఎడమ పక్క. అక్కడ దెబ్బ తగిలింది. పాటకు కుడి పక్క కూడా తోడొస్తుంది. ఆ పక్క నుంచి చుట్టుదారిలో మాటను తీసుకురాగలమేమో చూస్తాం. ఆరుసార్లకు ఏమీ కదలకపోతే నేనే ఆపేయమంటాను. నీ కష్టం ఊరికే తినను."

జూన్ పదహారుకు ఆరు వారాలుంది. వారానికి రెండు చొప్పున పన్నెండుసార్లు. ఈరమ్మ వేళ్ళు మడిచి చూసుకుని సరేనంది.

మందుల అప్పులు కూడా మీదున్నాయి. డబ్బుకు చీటీ తప్ప వేరే దారి లేదు. వనజ చదువుకని కడుతున్న యాభై వేల చీటీని ఆ నెల పాటలో ముప్పై తొమ్మిది వేలకు పాడేసింది. అంత నష్టానికి ఎవరూ పాడరు. పక్కింటి తిప్పమ్మ నోరు నొక్కుకుంది. "పాట నేర్పియ్యనీకి సీటీ పాట పాడినావా ఈరమ్మా? బసప్ప ఇంగ కచేరీ సేస్తాడా ఏంది?" వాడలో నవ్వుకున్నారు. ఈరమ్మ వనజకు మాత్రం సంగతంతా చెప్పింది. ఆ పిల్ల "కాలేజీ వాళ్ళను కొన్నాళ్ళు ఆగమంటాలే మా," అంది.

మొదటి రోజు రాధాబాయి హార్మోనియం మీద చెయ్యి వేసి "ఈయన ఏం పని చేసేవాడు?" అని అడిగింది. ఈరమ్మ చెబితే, కాటా దగ్గర లెక్క ఎలా పలికేవాడో పలికి చూపించమంది. ఈరమ్మకు సిగ్గేసింది. పరాయి ఇంట్లో గొంతెత్తడం ఎప్పుడూ లేదు. తలొంచుకుని మెల్లగా అంది. "లా...భం..."

బసప్ప చటుక్కున తల తిప్పాడు. పెదవులు కదిపాడు. రాధాబాయి అతని ఎడమ చేతిని తొడమీద తడుతూ అదే వరసను కొంచెం పెద్దగా ఎత్తుకుంది. బసప్ప గొంతులోంచి మొదట గాలి వచ్చింది. తర్వాత గరగర. ఆ తర్వాత, "రెం...డూ."

"మూ...డూ. నా...లుగూ." గది అదిరింది. పదకొండు దాటి పన్నెండు కూడా వచ్చింది. ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అప్పుడే సంబరపడకు," అంది రాధాబాయి నెమ్మదిగా. "ఇది ఇరవై ఏళ్ళ అలవాటు. పాటలో పాటగా వచ్చింది. ఇందులోంచి మాటను విడదియ్యాలి. అసలు కష్టం అక్కడే."

ఆమె అన్నట్టే అయింది. రెండోసారి, మూడోసారి, నాలుగోసారి అంకెలు తప్ప ఇంకేమీ రాలేదు. "నీళ్ళు" అని రెండు స్వరాల్లో పాడి చేతిమీద తడితే "నా...లుగూ" అనేవాడు. ఐదోసారి అతనికి కోపం ముంచుకొచ్చింది. "కాదు! కాదు!" అని అరుస్తూ హార్మోనియాన్ని కాలితో తన్నాడు. ఈరమ్మ అతని భుజాలు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. బస్సులో తిరిగి వస్తూ ఇద్దరూ చెరోవైపు చూశారు. ఇంకొక్కసారి. ఆరోసారికి ఆయమ్మ ఆపేయమంటుంది. పదహారో తేదీకి బావ కారు వచ్చి నిలబడుతుంది.

ఆరోసారి రాధాబాయి హార్మోనియం తెరవలేదు. చాప మీద బసప్పకు ఎదురుగా కూర్చుంది. అతని ఎడమ అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని కింది స్వరంలో "ఔ" అని, పై స్వరంలో "ను" అని, ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు తడుతూ పోయింది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. ఆమె గొంతు తగ్గిస్తూ వచ్చింది. చివరికి పెదవులు మాత్రమే కదిపింది. కింద వీధిలో మగ్గం చప్పుడు వినబడుతోంది.

"ఔ...ను," అన్నాడు బసప్ప.

తను అన్నది తనే విని నివ్వెరపోయాడు. మళ్ళీ తొడమీద తట్టుకున్నాడు. "ఔ...ను. ఔ...ను." ఈరమ్మవైపు తిరిగి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. నోరు ఒకవైపుకే సాగింది.

"నీళ్ళు కావాల్నా?" అని అడిగింది ఈరమ్మ, చెంబు ముందుకు జరుపుతూ.

అతను తొడ తట్టుకున్నాడు. "కా...దు." నిజంగానే అతనికి దాహం లేదు. చెంబు ముట్టుకోలేదు.

ఆపేద్దామన్న మాట ఎత్తకుండానే రాధాబాయి తర్వాతి వారం ఏ రోజుల్లో రావాలో చెప్పింది. తట్టుకుంటూ అంటే ఔను ఔనే, కాదు కాదే. తొందరపడినా, కోపం వచ్చినా మళ్ళీ పాత కాదు దొర్లేది. అందుకే తట్టకుండా అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఆమె గట్టిగా చెప్పింది. ఎనిమిదోసారికి "ఈరమ్మ" అని కూడా రెండు ముక్కలుగా పాడగలిగాడు.

తొమ్మిదోసారి పాఠం అయ్యాక ఈరమ్మ కదల్లేదు. మొగుణ్ణి మెట్ల దగ్గర కూర్చోబెట్టి వెనక్కి వచ్చింది.

"అమ్మా, ఒగ మాట నేర్పియ్యల్ల. 'నేను సేను అమ్మను' అని. పదారో తేదీ లోపల. కావాలంటే ఇంకో రెండు వందలు ఎక్కువిస్తా."

రాధాబాయి ముఖం మారిపోయింది. సంగతంతా విన్నాక కూడా తల అడ్డంగా ఊపింది. "నేర్పను."

"ఏంటికి?"

"ఆయన మాట ఆయనకు తిరిగి ఇవ్వడానికి డబ్బు తీసుకుంటున్నాను. నీ మాట ఆయన నోట్లో పెట్టడానికి కాదు. ఆయన అమ్మనంటాడని నీకెలా తెలుసు?"

"మీరు కూడా మా బావ మాదిరే అంటాండారు!" ఈరమ్మ గొంతు లేచింది. "కాళ్ళకింద ఉండే ఒగ ఎకరా పోతాంది నాకు. మీకేం, ముప్పావుగంటకు నాలుగు వందలు!"

అని, అన్నందుకు తనే నిర్ఘాంతపోయింది. రాధాబాయి కోప్పడలేదు. గడియారం వైపు చూసి చెప్పింది. "మీ బావను ఇక్కడికి పిలుచుకురా. ఆయన్నే అడగమను. ఏ జవాబు వచ్చినా ఓర్చుకుంటానంటేనే పిలువు."

తిమ్మప్ప వస్తాడని ఈరమ్మ అనుకోలేదు. పదిహేనో తేదీ ఆదివారం, రిజిస్ట్రీకి ముందురోజు, అతను వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. చెప్పులు మెట్ల కింద వదిలి గదిలోకి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. తమ్ముడి ముఖం చూడలేదు.

"నేర్పిచ్చిన సిలకతో నన్ను తిట్టిపిస్తారా ఏంది?" అన్నాడు.

"మీకూ ఆయనకూ తప్ప ఇంకెవరికీ తెలియనివి అడగండి," అంది రాధాబాయి. "జవాబుకు తొందరపెట్టొద్దు. అంతే."

తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు. "నాయన పోయిన రోజు నువ్వు ఊర్లో ఉంటివా?"

బసప్ప చెయ్యి తొడమీద లేచింది. ఒక తట్టు, ఇంకో తట్టు. "కా...దు."

"యాడుంటివి? గుంతకల్లులోనా?"

"కా...దు."

"బళ్ళారిలోనా?"

"ఔ...ను."

తిమ్మప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఈరమ్మకు ఆ సంగతే తెలియదు. తిమ్మప్ప ఇంకొకటి అడిగాడు. "సిన్నప్పుడు బాయిలో పడితిమి. నిన్ను నేను పైకి తీసినానా?"

"కా...దు." బసప్ప నవ్వు ఆపుకోలేక, వేలితో తన గుండె మీద పొడుచుకున్నాడు. అన్నను పైకి తీసింది తనే.

తిమ్మప్ప కూడా నవ్వబోయి ఆగిపోయాడు. చాప ఈనె ఒకటి లాగి తలెత్తాడు. "ఇది సెప్పు మల్ల. పోయిన దీపావళికి గట్టు మీద నిలబడి, అమ్ముదామని నాతో అన్నావా లేదా? నేను అబద్ధం ఆడతాండానా?"

ఈరమ్మ మనసులో మొక్కుకుంది. కాదను. కాదని తట్టు. ఆమె చూపంతా ఆ ఎడమ చేతి మీదే ఉంది. చెయ్యి లేచింది. ఆగింది. బసప్ప పెళ్ళాంవైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

"ఔ...ను."

ఆ రెండు స్వరాలూ ఎంతో శుద్ధంగా పలికాయి. ఇరవై రెండేళ్ళు కలిసి బతికిన మనిషి. గట్టు మీద మాటిచ్చి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు, తనతో ఒక్క ముక్క అనలేదు. వాడంతా తిరిగి బావను అబద్ధాలకోరని అన్నది తను.

"ఇన్నావా ఈరమ్మా?" అన్నాడు తిమ్మప్ప. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్ని దినాలు నేను దొంగనైతిని."

ఆమె లేచి పోబోయింది. రాధాబాయి చెయ్యెత్తి ఆపింది. "ఇంకొకటి మిగిలింది. అది అప్పటి మాట. ఇప్పటి మాట అడగండి."

తిమ్మప్ప అడగలేదు. వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. అది దూరమయ్యాక బసప్పే అన్న మోకాలి మీద చెయ్యి వేసి తట్టాడు. అడుగు అన్నట్టుగా.

"ఇప్పుడు... అమ్ముదామా రా?"

"కా...దు."

అరవలేదు. తల కొట్టుకోలేదు. అన్న మోకాలి మీదే రెండు తట్లు తట్టి, ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

తిమ్మప్ప లేచాడు. చెప్పులు తొడుక్కుని పోయాడు. మర్నాడు ఈరమ్మ పొద్దుటి నుంచి వాకిట్లో నిలబడింది. మధ్యాహ్నం దాటినా కారు రాలేదు.

బసప్ప ఎందుకు మనసు మార్చుకున్నాడో తెలియడానికి ఇంకో నెల పట్టింది. ఒకరోజు రాధాబాయి ఎన్నో మాటలు ఒకటొకటిగా అడుగుతూ పోతే "కౌలు" దగ్గర అతను ఎగిరిపడ్డట్టు తట్టాడు. ఇక యార్డుకు పోలేనని అతనికి తెలుసు. చేను కౌలుకిస్తే ఏటా కొంత వస్తుంది. పడిపోక ముందు లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు. అంతే. దీపావళి సంగతి తనకెందుకు దాచావని మాత్రం ఈరమ్మ ఎన్నిసార్లు అడిగినా జవాబు రాలేదు. అది ఔను, కాదులతో తేలేది కాదు. అడిగినప్పుడల్లా అతను ముఖం తిప్పుకునేవాడు. కొన్నాళ్ళకు ఆమె ఆ ప్రశ్న వదిలేసింది. మనసులోంచి పోలేదు గాని.

తమ వాటా ఎకరం పక్క ఊరి ఏసన్న కౌలుకు తీసుకున్నాడు. ముందుగా ఇచ్చిన డబ్బులో సగం, తిమ్మప్ప ఆసుపత్రిలో పెట్టిన ఖర్చు కింద, ఈరమ్మ మనిషి చేత అతనికి పంపింది. అతను తీసుకున్నాడు, కబురు మాత్రం పంపలేదు. మిగిలింది వనజ కాలేజీకి పోయింది. రాధాబాయి వారానికి ఒక్కసారి చాలని, తర్వాత నెలకు ఒకసారి చాలని తనే తగ్గించింది. ఇంట్లో రోజూ ఎలా చేయించాలో ఈరమ్మకు నేర్పింది. ఇప్పుడు బసప్ప దగ్గర యాభై మాటలదాకా ఉన్నాయి, అన్నీ పాడినట్టే వస్తాయి. కొన్ని రోజులు ఒక్కటీ రాదు. జ్వరం తగిలితే మళ్ళీ అన్నింటికీ కాదే. తిప్పమ్మ మొదట నవ్వినా, ఇప్పుడు వాకిట్లో కనబడితే తన తొడ తట్టుకుని మరీ "అన్నం... తింటివా?" అని పాడి పలకరిస్తుంది.

మరుసటి ఏడాది శ్రావణ మాసంలో, ఉరుకుంద ఈరన్న స్వామి పరస, అంటే జాతర, మొదలైన వారం, తిమ్మప్ప చెప్పకుండా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. బియ్యం చెరుగుతున్న ఈరమ్మ చాటతోనే తలుపు వెనక్కి జరిగింది. అతను ఆమెతో మాట్లాడకుండా నేరుగా తమ్ముణ్ణి అడిగాడు.

"ఆటో మాట్లాడినా. ఉరుకుందకు పోతాండాం, ఇంటిల్లిపాదీ. వస్తావా?"

తొందరపెట్టలేదు. బసప్ప చెయ్యి తొడమీద లేచింది. పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి.

"రే...పు."

ఈరమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఆ మాట తను నేర్పలేదు. రాధాబాయి కూడా నేర్పలేదు.

"రేపేంది రా?" తిమ్మప్పకు కోపం వచ్చేసింది. "ఆటో ఈపొద్దుకు మాట్లాడి పెట్టినా. రేపు పరస ఎంత రద్దీ ఉంటాదో తెల్సా నీకు?"

"రే...పు," అన్నాడు బసప్ప ఇంకొంచెం గట్టిగా.

"నీ మొండితనం పోదు కదరా! వానికి బయానా కూడా ఇచ్చినా!" గొణుక్కుంటూనే తిమ్మప్ప చెప్పులు విడిచాడు. ఆటోవానికి ఫోను చెయ్యడానికి జేబులు వెతుక్కుంటూ అరుగు మీద కూర్చున్నాడు.